లారీ హోమ్స్: అలీ తర్వాతి ఛాంపియన్

లారీ హోమ్స్ (జననం: 3 నవంబరు 1949) అమెరికాకు చెందిన మాజీ ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్. 1978 జూన్ నుంచి 1985 సెప్టెంబరు దాకా, ఏడేళ్లకు పైగా ఛాంపియన్ హోదా అతని దగ్గరే ఉంది. ఆ మధ్యలో 20 సార్లు దాన్ని నిలబెట్టుకున్నాడు. హెవీవెయిట్ విభాగంలో ఏకబిగిన అంతకంటే ఎక్కువసార్లు నిలబెట్టుకున్నవాడు జో లూయీ ఒక్కడే; అతని లెక్క 25. అయినా గొప్ప హెవీవెయిట్ల పేర్లు చెప్పమంటే ముహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్, ఫోర్‌మన్, టైసన్ అని గడగడా వల్లించే అభిమానులు హోమ్స్ పేరు దగ్గరికొచ్చేసరికి తడుముకుంటారు. అతన్ని తక్కువ చేసేవారు సాధారణంగా మూడు మాటలు చెబుతారు: అతని కాలంలో సరైన ప్రత్యర్థులు లేరు, అలీని ఓడించాడు గానీ అది ముసలి అలీని, తలపడాల్సిన వాళ్లతో తలపడలేదు. మొదటి రెండు మాటలూ రికార్డు ముందు నిలవవు. మూడోదానిలో మాత్రం కొంత నిజం ఉంది. దాన్ని ఒప్పుకున్నాక కూడా అతని స్థానం ఇప్పుడు ఇస్తున్నదానికంటే పైనే ఉండాలి.

జార్జియా రాష్ట్రంలోని కత్‌బర్ట్‌లో, 12 మంది సంతానం ఉన్న పేద నల్లజాతి కుటుంబంలో పుట్టిన హోమ్స్ పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో పెరిగాడు. ఏడో తరగతిలో బడి మానేసి కార్లు కడిగే పనిలో చేరాడు. 1972 ఒలింపిక్స్ ఎంపిక పోటీల్లో డువేన్ బాబిక్‌తో తలపడినప్పుడు ప్రత్యర్థిని పదేపదే పట్టుకుంటున్నాడంటూ రెఫరీ అతన్ని అనర్హుడిగా ప్రకటించాడు. దాంతో గుండె ధైర్యం లేనివాడన్న ముద్ర పడింది. 1973లో ప్రొఫెషనల్‌గా మారాక కూడా కొన్నేళ్లు అతను ఇతరుల శిక్షణ శిబిరాల్లో జీతానికి దెబ్బలు తినే స్పారింగ్ మనిషే. ఫ్రేజియర్‌తో చేశాడు, ఎక్కువకాలం డీర్ లేక్ కొండల్లోని అలీ శిబిరంలో చేశాడు. అలీ దగ్గర నేర్చుకున్నాడన్న మాట అతనికి ఎంత మేలు చేసిందో అంత కీడూ చేసింది. ఎడమ చేయి కొంచెం కిందికి దించి నిలబడే తీరు, కాళ్ల కదలిక చూసినవాళ్లు అలీకి నకలు అనేశారు. నకలు అన్న మాట ఒకసారి అంటుకుంటే అసలైన పనితనం కూడా దాని కింద కప్పబడిపోతుంది.

ఆ పనితనం పేరు జాబ్. (కొలువు అనే అర్థంలో మనం వాడే జాబ్ వేరు.) ముందుకు పెట్టిన చేత్తో తిన్నగా, చప్పున విసిరి వెనక్కి లాక్కునే గుద్దు అది. చాలామంది బాక్సర్లకు అది దూరం కొలుచుకోవడానికీ, ప్రత్యర్థి చూపు మరల్చడానికీ పనికొచ్చే సాధనం. అసలు దెబ్బ కుడిచేత్తో వస్తుంది. 6 అడుగుల 3 అంగుళాల ఎత్తు, చాచిన చేతుల మధ్య 81 అంగుళాల నిడివి ఉన్న హోమ్స్‌కు మాత్రం జాబే అసలు ఆయుధం. అలీ జాబ్ ఎక్కువగా కదులుతూ తాకించి తప్పుకునేది. హోమ్స్ కాలు నేలమీద ఆనించి విసిరేవాడు కాబట్టి అతని జాబ్‌కు బరువు తోడయ్యేది. ఒకటి కాదు, వరసగా రెండు మూడు పడేవి. ముఖం వాచి, కన్ను మూసుకుపోయి, ప్రత్యర్థి ముందుకు రావడానికే వెనకాడే స్థితి వచ్చాక కుడిచేయి దిగేది. దీన్ని చూడటంలో ప్రేక్షకుడికి ఉత్కంఠ తక్కువ, నిజమే. ఒక్క గుద్దుతో మనిషి కూలడం అందరికీ అర్థమవుతుంది. పదిహేను రౌండ్ల పాటు ఒక మనిషిని అంగుళం అంగుళం ఖాళీ చేయడం అర్థం కావాలంటే ఓపిక కావాలి. హోమ్స్‌కు రావలసిన పేరు రాకపోవడానికి అతని కాలమే కాదు, ఈ శైలి కూడా కారణం.

టైటిల్ అతని చేతికి వచ్చిన తీరు కూడా చిక్కుల్లోనే ఉంది. 1978 ఫిబ్రవరిలో అలీని ఓడించిన లియోన్ స్పింక్స్, ప్రపంచ బాక్సింగ్ మండలి (డబ్ల్యూబీసీ) చెప్పినట్టు కెన్ నార్టన్‌తో కాకుండా మళ్లీ అలీతోనే తలపడటానికి ఒప్పుకున్నాడు. మండలి అతని హోదా తీసేసి నార్టన్‌ను ఛాంపియన్‌గా ప్రకటించింది. 1978 జూన్ 9న లాస్ వేగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్‌లో హోమ్స్ ఆ నార్టన్‌ను ఎదుర్కొన్నాడు. శిక్షణలో ఎడమ చేతికి తగిలిన గాయంతోనే బరిలో దిగాడు. పద్నాలుగు రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు న్యాయనిర్ణేతల లెక్కలోనూ ఇద్దరూ సమానం. పదిహేనో రౌండ్ హెవీవెయిట్ చరిత్రలో మిగిలిపోయిన రౌండ్లలో ఒకటి: ఇద్దరికీ ఒంట్లో సత్తువ లేదు, ఇద్దరూ ఆగలేదు. ఇద్దరు న్యాయనిర్ణేతలు 143-142తో హోమ్స్‌కూ, ఒకరు అదే తేడాతో నార్టన్‌కూ ఇచ్చారు. అంత గొప్పగా గెలిచినా లోకం దృష్టిలో అది సగం కిరీటమే. ఎందుకంటే ఆ సెప్టెంబరులో అలీ స్పింక్స్‌ను ఓడించి మిగతా సగాన్ని తిరిగి తీసుకుని, తర్వాత రిటైరయ్యాడు. అలీని కొట్టనివాడు ఛాంపియన్ ఎలా అవుతాడన్నది జనం ప్రశ్న.

1980 అక్టోబరు 2న ఆ ప్రశ్నకు వచ్చిన జవాబు ఎవరికీ సంతోషం కలిగించలేదు. 38 ఏళ్ల అలీ రెండేళ్ల విరామం తర్వాత మందులతో బరువు తగ్గి, చూపుకు బాగానే కనిపిస్తూ బరిలోకి వచ్చాడు. గంట మోగాక శరీరం పలకలేదు. పది రౌండ్లూ హోమ్స్‌వే. పదో రౌండ్ తర్వాత అలీ శిక్షకుడు ఏంజెలో డండీ పోరు ఆపించాడు. అలీ జీవితంలో అలా ఆగిపోయిన పోరు అదొక్కటే. మధ్యలో హోమ్స్ చేయి నెమ్మదించి రెఫరీ వైపు చూడటం, ముగిశాక ఏడవడం అందరూ చూశారు. చచ్చిన పామును కొట్టాడన్న విమర్శ ఇక్కడి నుంచి పుట్టింది. ఆ గెలుపు హోమ్స్ గొప్పతనానికి రుజువు కాదన్నంత వరకు విమర్శకులతో పేచీ లేదు. అయితే అదే న్యాయం అందరికీ వర్తించాలి. 1988 జనవరి 22న అట్లాంటిక్ సిటీలో 21 ఏళ్ల మైక్ టైసన్ నాలుగో రౌండ్‌లో కూల్చిన హోమ్స్ వయసు కూడా 38. అతనూ దాదాపు 21 నెలలు బరికి దూరంగా ఉండి వచ్చినవాడే. టైసన్ ప్రతాపానికి ఆ నాకౌట్‌ను సాక్ష్యంగా చూపేవారే హోమ్స్ ఖాతాలోంచి అలీ గెలుపును కొట్టేస్తారు. రెండింటినీ లెక్కలో ఉంచాలి, లేదా రెండింటినీ తీసేయాలి.

ప్రత్యర్థుల నాణ్యత గురించిన అభ్యంతరానికి కాలమే సమాధానం చెప్పింది. 1979 జూన్‌లో హోమ్స్ చేతిలో పన్నెండో రౌండ్‌లో ఓడిన మైక్ వీవర్ మరుసటేడు ప్రపంచ బాక్సింగ్ సంఘం (డబ్ల్యూబీఏ) ఛాంపియన్ అయ్యాడు. 1981లో పదిహేను రౌండ్లు నిలబడి ఓడిన ట్రెవర్ బెర్బిక్ 1986లో డబ్ల్యూబీసీ ఛాంపియన్. 1983లో ఓడిన టిమ్ విదర్‌స్పూన్ మరుసటేడే ఆ టైటిల్ గెలిచాడు. 1984లో ఓడిన జేమ్స్ 'బోన్‌క్రషర్' స్మిత్ 1986 చివర్లో డబ్ల్యూబీఏ టైటిల్ తీసుకున్నాడు. హోమ్స్ చేతిలో ఓడాక నలుగురు ప్రపంచ ఛాంపియన్లయ్యారంటే, వాళ్లను పనికిమాలినవాళ్లని అనడం కుదరదు. హోమ్స్ వాళ్లను ఎదుర్కొన్నప్పుడు వాళ్లకింకా పేరు రాలేదు, అంతే. ఎర్నీ షేవర్స్ సంగతి వేరే చెప్పాలి. ఆ తరంలో అతనికంటే గట్టిగా కొట్టేవాడు లేడని అతనితో తలపడ్డవాళ్లే చెప్పేవారు. 1979 సెప్టెంబరులో ఏడో రౌండ్‌లో షేవర్స్ కుడిచేతి గుద్దుకు హోమ్స్ మొదలు నరికిన చెట్టులా పడ్డాడు. లేచాడు, ఆ రౌండ్ గట్టెక్కాడు, పదకొండో రౌండ్‌లో షేవర్స్‌నే ఆపేశాడు. ఒలింపిక్ ఎంపికల నాటి పిరికితనం ముద్ర నిజమై ఉంటే ఆ రాత్రితోనే అతని కథ ముగిసేది. జో లూయీ ప్రత్యర్థుల్ని కూడా ఆ రోజుల్లో నెలకో అనామకుడని పత్రికలు వెక్కిరించాయి. కాలం లూయీ విషయంలో ఆ వెక్కిరింపును మరిచిపోయింది, హోమ్స్ విషయంలో ఇంకా గుర్తుపెట్టుకుంది.

1982 జూన్ 11న జెర్రీ కూనీతో జరిగిన పోరు అతని జీవితంలోకెల్లా పెద్ద సంత. కూనీ తెల్లవాడు, ఓటమి ఎరగనివాడు, కానీ సాధించింది తక్కువ. తెల్లజాతి ఆశాకిరణం అంటూ సాగిన ప్రచారం కారణంగా 39 పోరాటాలు వరసగా గెలిచిన ఛాంపియన్‌తో సమానంగా అతనికి డబ్బు ముట్టింది. బరిలో ఛాంపియన్ పేరు చివర పిలవడం ఆనవాయితీ. ఆ రాత్రి హోమ్స్ పేరే ముందు పిలిచారు. పదమూడో రౌండ్‌లో కూనీ శిక్షకుడు బరిలోకి వచ్చి పోరు ఆపించాడు. నడుము కిందికి కొట్టినందుకు కోసిన మూడు పాయింట్లు లేకపోతే అప్పటికి ఇద్దరు న్యాయనిర్ణేతల లెక్కలో కూనీయే ముందుండేవాడని తేలింది. జరిగిన ఆట చూసినవాళ్లకు ఆ లెక్క వింతగా తోస్తుంది.

ఇక మూడో అభ్యంతరం. 1983 నుంచి హోమ్స్ ఎంపికలు సమర్థించుకోదగ్గవి కావు. విదర్‌స్పూన్ అప్పటికి 15 పోరాటాలు మాత్రమే చేసిన కుర్రాడు. ఆ పోరులో హోమ్స్ ఒక న్యాయనిర్ణేత ఓటు పోగొట్టుకుని బయటపడ్డాడు, గెలిచింది విదర్‌స్పూనేనని నేటికీ అనేవారున్నారు. తర్వాత డబ్ల్యూబీసీ నిర్దేశించిన గ్రెగ్ పేజ్‌తో డబ్బు దగ్గర బేరం కుదరలేదు. పది పోరాటాల అనుభవం మాత్రమే ఉన్న మార్విస్ ఫ్రేజియర్‌ను ఎంచుకుని మొదటి రౌండ్‌లోనే ముగించాడు. దెబ్బలు కొడుతూనే ఇక ఆపమని రెఫరీకి చేత్తో సైగ చేశాడు. ఆ ఏడాది డిసెంబరులో డబ్ల్యూబీసీ హోదా వదిలేసి కొత్తగా పుట్టిన అంతర్జాతీయ బాక్సింగ్ సమాఖ్య (ఐబీఎఫ్) గుర్తింపు తీసుకున్నాడు. గెర్రీ కుట్జీతో కుదిరిన పోరు 1984లో నిధులు లేక రద్దయింది, అది అతని తప్పు కాదు. కానీ పేజ్‌తో గానీ, పింక్లన్ థామస్‌తో గానీ తలపడకపోవడం లోటే. రెండు మూడేళ్లు అతను పేరు కంటే రాబడికే విలువిచ్చాడు. డబ్బుకోసం శిక్షణ శిబిరాల్లో దెబ్బలు తిన్న మనిషి అలా ఆలోచించడం అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన లోటు పూడదు.

1985 సెప్టెంబరు 21న, రాకీ మార్సియానో చివరి పోరుకు సరిగ్గా ముప్పై ఏళ్లు నిండిన రోజున, 48 గెలుపులతో ఓటమి ఎరగని హోమ్స్ మైఖేల్ స్పింక్స్‌ను ఎదుర్కొన్నాడు. గెలిస్తే ఓటమి లేకుండా 49 గెలుపులన్న మార్సియానో రికార్డుతో సమానం. స్పింక్స్ లైట్ హెవీవెయిట్ ఛాంపియన్. ఆ హోదాలో ఉండగా హెవీవెయిట్ టైటిల్ గెలిచినవాడు అంతకుముందు లేడు. పదిహేను రౌండ్ల తర్వాత ముగ్గురూ స్పింక్స్‌కే ఇచ్చారు, ఇద్దరి లెక్కలో తేడా ఒక్క పాయింటు. ఓటమి కంటే ఆ తర్వాతి మాట హోమ్స్‌కు ఎక్కువ చేటు చేసింది. మార్సియానో కుటుంబ సభ్యులు అక్కడే ఉండగా మార్సియానో తన లంగోటీ మోయడానికి కూడా చాలడని నోరు జారాడు. తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు గానీ, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న సామెత అప్పటికే తిరగబడింది. 1986 ఏప్రిల్‌లో జరిగిన రెండో పోరులో ఇద్దరు న్యాయనిర్ణేతలు స్పింక్స్‌కు, ఒకరు హోమ్స్‌కు ఇచ్చారు. గెలిచింది హోమ్సేనని చాలామంది అభిప్రాయం. అప్పటికి అతని మీద జాలిపడేవాళ్లు మిగల్లేదు.

టైసన్ చేతిలో ఓడాక కథ అయిపోయిందనుకున్నారు. 1991లో హోమ్స్ మళ్లీ వచ్చాడు. 1992 ఫిబ్రవరిలో, 42 ఏళ్ల వయసులో, 1988 ఒలింపిక్ స్వర్ణ విజేత, అప్పటిదాకా ఓటమి లేని రే మెర్సర్‌ను తాళ్ల దగ్గర ఒద్దికగా నిలబడి, అదే పాత జాబ్‌తో పన్నెండు రౌండ్లు ఆడించి గెలిచాడు. ఆ గెలుపుతో ఇవాండర్ హోలీఫీల్డ్‌తో టైటిల్ పోరు దక్కింది; ఓడినా పన్నెండు రౌండ్లూ నిలిచాడు. 1995 ఏప్రిల్‌లో, 45 ఏళ్లకు, అంతకు ఆరున్నర నెలల ముందే లెనాక్స్ లూయిస్‌ను కూల్చిన ఆలివర్ మెకాల్‌తో స్వల్ప తేడాతో ఓడాడు. కండబలం మీద బతికిన బాక్సర్‌కు ఆ వయసులో ఇది సాధ్యం కాదు. అంటే అలీకి నకలనిపించిన ఆ శైలి, అలీ శరీరం సహకరించని వయసు దాటాక కూడా హోమ్స్‌కు పనిచేసింది. 2002లో చివరి పోరు గెలిచి ఆట ముగించాడు. 2008లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ అతన్ని చేర్చుకుంది. మొత్తం 75 పోరాటాల్లో 69 గెలుపులు, అందులో 44 నాకౌట్లు; 6 ఓటములు. టైసన్ తప్ప అతన్ని ఆపినవాడు లేడు. టైసన్ తర్వాత చేసిన 24 పోరాటాల్లో 21 గెలిచాడు, ఓడిన మూడూ న్యాయనిర్ణేతల లెక్క మీదే ఓడాడు.