నేలవేము: చేదు కషాయం ఎప్పుడు, ఎంత, ఎవరికి?

వానాకాలం వస్తే సౌకార్‌పేట, పార్క్‌టౌన్ నాటుమందుల అంగళ్ళలో మొదట అడిగే సరుకు నేలవేము. అరవంలో నిలవేంబు, సంస్కృతంలో భూనింబ, మన వీధిలోని ఉత్తరాది ఇళ్ళవారికి కాల్‌మేఘ్. రెండు మూడడుగులు గుబురుగా ఎదిగే అడవి మొక్క. తెల్లటి చిన్న పువ్వుల్లో ఊదా చారలుంటాయి. ఆకు మొదలు వేరు దాకా చేదే. ఆ చేదుకు ముఖ్య కారణం ఆండ్రోగ్రాఫొలైడ్ అనే పదార్థం.

అంగట్లో ఒక చిక్కుంది. 'చిరాయత' అని అడిగితే కొందరు దీన్నే ఇస్తారు. అసలు చిరాయత హిమాలయాల మొక్క, జాతే వేరు. నేలవేము కాడ నలుపలకలుగా, ఎండినా పచ్చఛాయతో ఉంటుంది. చిరాయత కాడ గోధుమరంగు, విరిస్తే లోపల పసుపుపచ్చని బెండు కనిపిస్తుంది. పొడి కొంటే ఈ తేడా తెలియదు కనుక కట్టగా కొనడం మేలు.

జ్వరానికి, కామెర్లకు, అజీర్తికి, కడుపులో పురుగులకు మన పెద్దలు దీన్ని వాడారు. సిద్ధ వైద్యంలోని నిలవేంబు కుడినీరులో తొమ్మిది సరుకులు: నేలవేము, వట్టివేరు, కురువేరు, చందనం, శొంఠి, మిరియాలు, తుంగముస్తలు, పర్పాటకం, చేదుపొట్ల. 2012లో డెంగ్యూ ప్రబలినప్పుడు తమిళనాడు ప్రభుత్వమే దీన్ని పంచిపెట్టింది. 2017లో కమల్ హాసన్, పరిశోధన తేలేదాకా పంచవద్దని అభిమానులకు చెప్పడంతో పెద్ద వాదమే నడిచింది. థాయ్‌లాండ్‌లోనూ కోవిడ్ కాలంలో తేలికపాటి లక్షణాలున్నవారికి ఈ మొక్క మందు ఇచ్చారు.

కాచే పద్ధతి సులువే. చెంచాడు పొడి (సుమారు 5 గ్రాములు) 200 మిల్లీలీటర్ల నీళ్ళలో వేసి, 50కి దిగేదాకా సన్నసెగపై మరిగించి వడకట్టాలి. మూడు గంటల్లోపే తాగాలి. పొద్దున కాచినది రాత్రికి దాచుకోవడం మన ఇళ్ళలో ఉన్న పొరపాటు. తర్వాత బెల్లంముక్క నోట్లో వేసుకుంటే తప్పులేదు గానీ, చేదు బొత్తిగా లేదంటే సరుకునే అనుమానించండి.

గర్భిణులు తాగకూడదు. చక్కెరవ్యాధికి, రక్తపోటుకు, రక్తం పలచబడటానికి మాత్రలు వేసుకునేవారు డాక్టరును అడగందే మొదలుపెట్టవద్దు. కొందరికి తీవ్రమైన అలర్జీ వస్తుందని ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది. దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

అసలు ప్రమాదం మరొకటి. డెంగ్యూలో జ్వరం దిగిన రోజునే పరిస్థితి విషమించవచ్చు. ఆనాడు కషాయం పనిచేసిందని ఇంట్లో ఊరుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, మత్తు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆగకండి. రెండో రోజుకు జ్వరం తగ్గకపోతే రక్తపరీక్ష చేయించండి. డాక్టరు చెప్పకుండా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రలు వేయకండి. కషాయం తాగుతున్న సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి.