చీనా అణ్వస్త్రవృద్ధి



చీనాదేశము 1964 అక్టోబరు 16వ తేదీన తన మొదటి అణుబాంబును ప్రేల్చెను. తాను ముందుగా ప్రయోగింపనని ఆనాడే ప్రతిన చేసెను. శత్రువు కొట్టినచో తిరిగి కొట్టుటకు కొలదిపాటి అస్త్రములు చాలునని దాని తలంపు. పలు దశాబ్దములు ఆ తలంపుతోనే గడపెను.

మఱి యిప్పుడు పెంచుటేల? 1972లో సోవియట్ యూనియనుతో చేసికొన్న క్షిపణి నిరోధక సంధిని అమెరికా 2002లో విడనాడి, శత్రుక్షిపణులను ఆకాశముననే కూల్చు సాధనములను నెలకొల్పెను. తొలిదెబ్బకు తన అస్త్రములు చాలవఱకు నశించి, మిగిలినవి ఆ డాలుకు తగిలి విఱిగినచో గతి యేమని చీనాకు భీతి కలిగెను. గోతులు పెక్కైనకొలది వానినన్నిటిని ఒక్కసారి కూల్చుట దుర్ఘటము. అట్టి క్షిపణి గోతులు వందలకొలదిగ 2021లో ఉపగ్రహ చిత్రములలో కాననయ్యెను. 2025 నాటికి చీనా అస్త్రములు సుమారు 600 అని స్టాక్‌హోము శాంతి పరిశోధన సంస్థ అంచనా. అమెరికా, రష్యాలకు ఒక్కొక్కదానికి 5000కు పైగా కలవు.

కీర్తికాంక్షయు, తైవాను విషయమున అమెరికాను జంకించు కోరికయు కారణములని కొందఱందురు. అదియు కాదనరాదు.

డాలు ఎవరిని గాయపఱుపదని నేను బడిలో బాలురకు బోధించితిని. నేడు ఆ మాటను దిద్దుకొనుచున్నాను. ఒకని డాలును చూచి వేఱొకడు కత్తులు పెంచుకొనును.