రియాక్టివ్ హైపోగ్లైసీమియా: షుగర్ జబ్బు లేనివారిలో నిర్ధారణ, చికిత్స

రియాక్టివ్ హైపోగ్లైసీమియా అంటే తిన్న తర్వాత, సాధారణంగా నాలుగు గంటల లోపు, రక్తంలో గ్లూకోజ్ ఉండాల్సిన దానికన్నా బాగా కిందికి దిగిపోవడం. షుగర్ జబ్బు ఉన్నవారికి మందుల వల్ల వచ్చే లో షుగర్ వేరు. ఇక్కడ చెప్పుకునేది ఆ జబ్బు లేనివారి సంగతి. ఉదయం ఎనిమిదింటికి టిఫిన్ చేసి, పదకొండింటికల్లా చేతులు వణికి, చెమటలు పట్టి, గుండె దడదడలాడి, ఏదో ఒకటి నోట్లో వేసుకుంటే గానీ తేరుకోని మనిషి తనకు “షుగర్ డౌన్ అవుతోంది” అంటాడు. అలా చెప్పేవారు చాలామంది. సరిగ్గా ఆ సమయానికి రక్తం తీసి చూస్తే గ్లూకోజ్ నిజంగా పడిపోయి కనిపించేవారు మాత్రం కొద్దిమంది. లక్షణాలు విని పేరు పెట్టేయడం తేలిక. కానీ లక్షణం ఉన్న నిమిషంలో కొలిచిన అంకె చేతిలో లేకుండా పెట్టిన పేరు వల్ల రోగికి నష్టమే ఎక్కువ: లేని జబ్బుకు ఏళ్ల తరబడి పథ్యం చేస్తాడు, లేదా ఉన్న అసలు జబ్బు ఆ పేరు చాటున పెరుగుతూ పోతుంది.

ఆరోగ్యవంతుల ఒంట్లో గ్లూకోజ్ తగ్గుతుంటే దాన్ని ఆపే ఏర్పాట్లు ఒకదాని వెనక ఒకటి మొదలవుతాయి. డెసిలీటరు రక్తానికి 80 మిల్లీగ్రాముల దగ్గరకు రాగానే క్లోమం ఇన్సులిన్ విడుదలను తగ్గిస్తుంది. 65–70 మధ్యకు వస్తే గ్లూకగాన్, అడ్రినలిన్ కలిసి కాలేయంలో నిల్వ ఉన్న గ్లూకోజ్‌ను బయటికి తెస్తాయి. ఇంకా దిగి 55 దరిదాపులకు చేరితే వణుకు, చెమట, దడ, ఆకలి మొదలవుతాయి. 50 కంటే తగ్గితే మెదడుకే ఇంధనం చాలదు. మాట తడబడుతుంది, చూపు మసకబారుతుంది, అయోమయం కమ్ముతుంది, ఒక్కోసారి స్పృహ తప్పుతుంది. ఈ రెండు రకాల లక్షణాలనూ విడదీసి చూడాలి. మొదటి రకంలో ఎక్కువ భాగం అడ్రినలిన్ పని. ఆందోళన వచ్చినా, ఖాళీ కడుపున కాఫీ ఎక్కువైనా, థైరాయిడ్ జోరుగా పనిచేస్తున్నా, గుండె లయ తప్పినా అదే వణుకు, అదే దడ. పెద్ద వయసువారిలో భోజనం తర్వాత బీపీ పడిపోయినా తల తిరిగి ఒళ్లు తూలుతుంది. రెండో రకం లక్షణాలకు బరువెక్కువ. తిన్న కాసేపటికి పొంతన లేకుండా మాట్లాడాడనో, తెలిసిన చోటే బండి మీద దారి తప్పాడనో ఇంట్లోవాళ్లు చెబితే, ఆ ఒక్క మాట రోగి చెప్పే పది లక్షణాల కన్నా డాక్టరుకు ఎక్కువ పనికొస్తుంది.

ఈ జబ్బు చరిత్రే ఇన్సులిన్‌తో మొదలైంది. 1921లో టొరంటోలో ఇన్సులిన్‌ను వేరు చేశారు, 1922 నుంచి రోగులకు ఇవ్వసాగారు. మోతాదు మించినప్పుడు వచ్చే వణుకు, చెమట, అయోమయం వైద్యులకు అప్పుడే పరిచయమయ్యాయి. ఇంజెక్షన్ తీసుకోనివారిలోనూ అవే లక్షణాలు చూసిన అలబామా వైద్యుడు సీల్ హారిస్, ఒంట్లోనే ఇన్సులిన్ అతిగా ఊరే స్థితి ఉండవచ్చని 1924లో రాశాడు. ఊహ సరైనదే. అయితే ఎవరు ఈ కోవకు వస్తారో తేల్చే కొలబద్ద అప్పటికి లేదు. అది 1938లో న్యూయార్క్ సర్జన్ అలెన్ విపుల్ వల్ల వచ్చింది: లక్షణాలు ఉండాలి, అదే సమయంలో గ్లూకోజ్ తక్కువగా ఉండాలి, గ్లూకోజ్ పెరగగానే లక్షణాలు పోవాలి. విపుల్ త్రయం అనే ఈ మూడు షరతులను ఆయన క్లోమంలో కణితి ఉన్నవారికి ఆపరేషన్ చేయాలా వద్దా అన్న ప్రశ్న కోసం పెట్టుకున్నా, ఇప్పుడు అన్ని రకాల లో షుగర్‌కూ అవే గీటురాళ్లు. ఆ కొలబద్దను పక్కన పెడితే ఏమవుతుందో 1970ల అమెరికా చూపించింది. అలసట, చిరాకు, దిగులు, నిద్రలేమి, అన్నిటికీ లో షుగరే కారణమని జనం నమ్మడం మొదలెట్టారు. 1973లో అక్కడి డయాబెటిస్ అసోసియేషన్, మెడికల్ అసోసియేషన్, ఎండోక్రైన్ సొసైటీ కలిసి ఇది సరికాదని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడు ఒక ప్రముఖ వైద్య పత్రిక, లేని హైపోగ్లైసీమియాయే అంటువ్యాధిలా వ్యాపించిందని ఎద్దేవా చేస్తూ వ్యాసం వేసింది.

ఆ గందరగోళానికి ఒక పరీక్ష కూడా తోడ్పడింది. పరగడుపున గ్లూకోజ్ నీళ్లు తాగించి ఐదు గంటల పాటు రక్తం తీస్తూ పోయే జీటీటీ అది. షుగర్ జబ్బును పసిగట్టడానికి, ముఖ్యంగా గర్భిణులలో, జీటీటీ మంచిదే. లో షుగర్‌కు మాత్రం అది తప్పుడు సాక్ష్యం చెబుతుంది. 1981లో అచ్చైన ఒక పరిశీలనలో ఏ లక్షణాలూ లేని 650 మందికి ఈ పరీక్ష చేస్తే పదిమందిలో ఒకరికి గ్లూకోజ్ 47 లేదా అంతకన్నా కిందికి దిగింది. అంటే పరీక్షే ఆరోగ్యవంతులను రోగులుగా చూపిస్తోంది. కారణం ఊహించలేనిది కాదు: 75 గ్రాముల గ్లూకోజ్‌ను పీచు, మాంసకృత్తులు, కొవ్వు ఏవీ లేకుండా ఒక్క గుక్కలో ఎవరూ భోజనంగా తీసుకోరు. జీటీటీలో గ్లూకోజ్ పడిపోయినవారికే మామూలు తిండి పెట్టి చూసిన పరిశీలనల్లో ఆ పతనం కనిపించలేదు. 1986లో రోమ్‌లో సమావేశమైన నిపుణులు భోజనానంతర లో షుగర్ నిర్ధారణకు జీటీటీ వాడవద్దని తేల్చారు. ఇది జరిగి నలభై ఏళ్లు కావస్తున్నా ఆ పరీక్ష రాసేవారు, దాని కాగితం పట్టుకుని తిరిగేవారు ఇంకా ఉన్నారంటే పాత అలవాటు బలమే తప్ప మరొకటి కాదు.

మరి సరైన దారి ఏది? లక్షణం వచ్చిన క్షణంలో సిర నుంచి రక్తం తీసి ల్యాబులో కొలవడం. ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది: దడ ఇంట్లోనో ఆఫీసులోనో వస్తుంది, ల్యాబుకు చేరేసరికి ఏదో తినేసి ఉంటాడు, సాధ్యమయ్యే పనేనా? అభ్యంతరం న్యాయమైనదే. అందుకే 2009 నాటి ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకాలు మిక్స్‌డ్ మీల్ టెస్ట్‌ను సూచించాయి. రోగికి ఏ తిండి తర్వాత లక్షణాలు వస్తున్నాయో దాదాపు అలాంటి భోజనమే పెట్టి, ఐదు గంటలు కూర్చోబెట్టి, అరగంటకోసారి రక్తం తీస్తారు. పూరీ, తీపి టీ తర్వాతే ఇబ్బంది అనే మనిషికి పూరీ, తీపి టీ ఇచ్చి చూడటమే సబబు. లక్షణాలు వచ్చి గ్లూకోజ్ 55 కంటే తగ్గితే, ఆ నమూనాలోనే ఇన్సులిన్, దానితో పాటే క్లోమం నుంచి వచ్చే సి-పెప్టైడ్, ప్రోఇన్సులిన్ కూడా చూస్తారు. గ్లూకోజ్ అంత పడిపోయినప్పుడు కూడా మిల్లీలీటరుకు ఇన్సులిన్ 3 మైక్రోయూనిట్లు, సి-పెప్టైడ్ 0.6 నానోగ్రాములు దాటి ఉంటే క్లోమం ఆగాల్సిన చోట ఆగడం లేదని అర్థం. రక్తం ఏ ట్యూబులో పట్టారన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబు కాకుండా మామూలు ట్యూబులో పట్టి గంటల తరబడి వదిలేస్తే రక్తకణాలే అందులోని గ్లూకోజ్‌ను తినేస్తూ ఉంటాయి. చిన్న ఊళ్లోని కలెక్షన్ సెంటర్‌లో పొద్దున తీసిన నమూనా సాయంత్రానికి నగరంలోని ల్యాబుకు చేరితే, ఏ బాధా లేని మనిషి రిపోర్టులో కూడా 50 అని రావచ్చు.

ఇంట్లో గ్లూకోమీటరు ఉందిగా అంటారు. ఉంది, పనికొస్తుంది కూడా, కానీ ఒక హద్దు వరకే. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 లోపు రీడింగులలో 15 అటూ ఇటూ తేడాను అనుమతిస్తారు. మీటరు 62 చూపిస్తే అసలు అంకె 50 కావచ్చు, 75 కావచ్చు. చేతికి అతికించుకునే సెన్సర్లది ఇంకో తిరకాసు. అవి రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవాన్ని కొలుస్తాయి, కొన్ని నిమిషాలు వెనకబడతాయి, ఆ చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే లేని పతనాన్ని చూపిస్తాయి. జబ్బేమీ లేనివారు కూడా రోజులో కాసేపు 70 కింద ఉంటారని ఈ సెన్సర్లతోనే తెలిసింది. వీటిని తీర్పుగా కాక దారి చూపే గుర్తుగా వాడుకోవాలి: దడ వచ్చినప్పుడల్లా మీటరు 85, 90 చూపిస్తుంటే కారణం గ్లూకోజ్ కాదని దాదాపు ధీమాగా చెప్పవచ్చు.

“చక్కెర నోట్లో వేసుకోగానే తగ్గిందండీ, ఇంకేం రుజువు కావాలి?” అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్లూకోజ్ సీసా ఎక్కించగానే లేచి కూర్చున్నాడన్నది కూడా ఈ వాదనే. ఆకలి వేసినవాడికి తిండి పెడితే నెమ్మదిస్తుంది, కంగారుపడ్డవాడిని పడుకోబెట్టి పలకరిస్తే దడ తగ్గుతుంది. అడ్రినలిన్ పొంగు దానంతటదే పావుగంటలో చల్లబడుతుంది. విపుల్ షరతుల్లో మూడోది ఒక్కటే ఉంటే చాలదు, రెండోది కూడా ఉండాలి. ఇంకొందరు, అంకె 55కు దిగకపోయినా 160 నుంచి 80కి గబుక్కున పడితే లక్షణాలు రావా అని అడుగుతారు. ఈ మాటలో కొంత పస ఉంది. తిన్న రెండు మూడు గంటల తర్వాత గ్లూకోజ్ ఎక్కువగా దిగేవారికి తొందరగా ఆకలి వేస్తుందని 2021లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చూపింది. అది తిండి మార్చుకోవడానికి తగిన కారణమే. కానీ మెదడుకు ముప్పున్న జబ్బు కాదు, కణితి కోసం స్కానింగులు తీయించాల్సిన అవసరం అంతకన్నా లేదు.

అంకె నిజంగా తగ్గిందని తేలాక అసలు వెతుకులాట మొదలవుతుంది, ఎందుకంటే రియాక్టివ్ హైపోగ్లైసీమియా ఒక్క జబ్బు కాదు. బరువు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవారు ఇప్పుడు ఇందులో ముఖ్యమైన వర్గం. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఈ ఆపరేషన్లు మామూలయ్యాయి. తిన్నది నేరుగా చిన్నపేగులోకి జారి, గ్లూకోజ్ ఒక్కసారిగా ఎగసి, జీఎల్‌పీ-1 అనే హార్మోను పొంగి, ఇన్సులిన్ అతిగా ఊరుతుంది. ఇది ఆపరేషన్ అయిన వెంటనే కాక, సాధారణంగా ఏడాది దాటాక బయటపడుతుంది, అందుకే రోగికి రెంటికీ ముడి తట్టదు. క్లోమంలో పుట్టే ఇన్సులినోమా కణితి మామూలుగా పరగడుపున బాధిస్తుంది, కొద్దిమందిలో మాత్రం తిన్నాకే. ఖాళీ కడుపున తీపి కలిపిన మద్యం తాగినా ఇలా జరగవచ్చు. మన దగ్గర ప్రత్యేకంగా అడగాల్సిన ప్రశ్న మందుల గురించి. 1970లో జపాన్ వైద్యుడు హిరాటా వర్ణించిన జబ్బులో ఒంట్లో ఇన్సులిన్‌కే యాంటీబాడీలు పుట్టి, దాన్ని పట్టి ఉంచి వేళగాని వేళ వదులుతాయి. దీన్ని ప్రేరేపించే వాటిలో థైరాయిడ్‌కు వాడే కార్బిమజోల్ కోవ మందులతో పాటు ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ ఉంది. నరాల బలానికని మెడికల్ షాపుల్లో విరివిగా అమ్ముడయ్యే బిళ్లల్లో చాలావాటిలో ఇది కలిసి ఉంటుంది. ఇంట్లో పెద్దవారు షుగర్‌కు వాడే గ్లిమెపిరైడ్ బిళ్ల పొరపాటున మింగడం, మూలికల మందులో షుగర్ బిళ్ల పొడి రహస్యంగా కలిసి ఉండటం కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2008లో సింగపూర్‌లో గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మందు కలిసిన అక్రమ లైంగిక శక్తి మందులు వాడి షుగర్ జబ్బు లేనివారే వంద మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, కొందరు చనిపోయారు.

ఇన్ని పరీక్షల కన్నా తిండి మార్చి చూస్తే పోలేదా, దానివల్ల హాని లేదుగా అనే వాదన ఇక్కడ ఎదురవుతుంది. వణుకు, ఆకలి తప్ప వేరే లక్షణాల్లేని మనిషికి అలా మొదలుపెట్టడంలో తప్పులేదు, చాలామంది డాక్టర్లు చేసేదీ అదే. స్పృహ తప్పినవారికి, తెల్లవారుజామున లేదా ఉపవాసంలో బాధపడేవారికి, కడుపు ఆపరేషన్ అయినవారికి ఆ వెసులుబాటు లేదు. పరగడుపున పడిపోయే రకమైతే ఆసుపత్రిలో ఉంచి 72 గంటల వరకు ఉపవాస పరీక్ష చేయాలి. పైగా తప్పు పథ్యం హాని లేనిది కాదు. లో షుగర్ అనుకుని జేబులో చాక్లెట్లు, బ్యాగులో గ్లూకోజ్ పొడి పెట్టుకుని గంటగంటకూ తినేవారు బరువు పెరిగి, లేని షుగర్ జబ్బును తెచ్చుకునే దారిలో పడతారు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే మన దేశంలో ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు దశ, ఉన్నవారిని 13.6 కోట్లుగా అంచనా వేసింది. భోజనానంతర పతనం వారిలో కొందరికి తొలి సూచన కూడా.

సరైన పథ్యం ఆ తప్పు పథ్యానికి తలకిందులు. త్వరగా అరిగే పిండిపదార్థాన్ని ఒంటరిగా తినకూడదు. నాలుగు ఇడ్లీలు, పల్చటి చట్నీ, తీపి టీకి బదులు పెసరట్టు, గుడ్డు లేదా గుగ్గిళ్లు. మధ్యాహ్నం కంచంలో అన్నం సగానికి తగ్గించి, ముందు కూర, పప్పు తిని ఆ తర్వాత అన్నం. చిరుధాన్యాలు మంచివన్న మాట నిజమే గానీ మెత్తటి రాగిపిండితో కాచిన జావ తాగితే గ్లూకోజ్ గబగబా ఎగుస్తుంది. పళ్లరసాలు, కూల్‌డ్రింకులు మానాలి. భోజనం చిన్నదిగా, మూడు నాలుగు గంటలకోసారి ఉంటే మేలు. దీనితో లొంగనివారికి అకార్బోస్ ఇస్తారు. అది పేగులో పిండిపదార్థం విడిపోవడాన్ని నెమ్మదింపజేస్తుంది, బదులుగా కడుపుబ్బరం, గ్యాస్ తప్పవు. బైపాస్ తర్వాతి మొండి కేసుల్లో డయజాక్సైడ్, ఆక్ట్రియోటైడ్ వాడతారు. 2005 ప్రాంతంలో ఇలాంటివారికి క్లోమంలో కొంత భాగం కోసేసేవారు. ఫలితాలు నిలవకపోవడంతో ఆ పద్ధతి వెనకబడింది. ఇప్పుడు జీఎల్‌పీ-1ను అడ్డుకునే మందుల మీద ప్రయోగాలు సాగుతున్నాయి. అకార్బోస్ వాడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: ఆ మందు పంచదారను కూడా పేగులో త్వరగా విడిపోనివ్వదు. నిజంగా గ్లూకోజ్ పడిపోయిన వేళ పంచదార నీళ్లు, మిఠాయి ఆలస్యంగా పనిచేస్తాయి. 15 గ్రాముల గ్లూకోజ్ పొడినే నీళ్లలో కలిపి తాగాలి, తేరుకున్నాక గుడ్డో శనగలో తినాలి, అప్పటిదాకా బండి ఎక్కకూడదు.