మంత్రిని అడిగే రెండో ప్రశ్న

1893 ఫిబ్రవరి 16న గవర్నర్ జనరల్ శాసన మండలిలో భింగా రాజా ఒక ప్రశ్న అడిగారు. దొరలు జిల్లాల పర్యటనకు బయల్దేరితే వాళ్ల విడిదికి కావలసిన సరుకులు దారిలోని ఊళ్ల నుంచే సమకూర్చే ఆనవాయితీ అప్పట్లో ఉండేది. దానివల్ల పల్లెటూరి దుకాణదారులు పడుతున్న ఇబ్బంది సంగతేమిటన్నది ఆ ప్రశ్న. 1892 చట్టం ప్రశ్నలడిగే హక్కు ఇచ్చాక మన దేశపు శాసన మండలిలో నమోదైన తొలి ప్రశ్న ఇదే. సైన్యం ఖర్చుల గురించో సామ్రాజ్య విధానం గురించో కాకుండా ఊరి కొట్టువాడి కష్టంతో ఈ సంప్రదాయం మొదలు కావడం నాకు ఎప్పుడూ గొప్పగా అనిపిస్తుంది.

అయితే ఆ రోజు ప్రభుత్వం ఏ జవాబు చెప్పినా రాజావారు విని ఊరుకోవలసిందే. ఆరు రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అధ్యక్షుడు వద్దంటే ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. అనుమతి దొరికి జవాబు వచ్చినా దాని మీద చర్చకు వీల్లేదు. ‘మరి ఇది ఎందుకు జరిగింది?’ అని తిరిగి అడగడానికి అసలే వీల్లేదు. మంత్రులను ప్రశ్నించే హక్కు మన దేశంలో ఎలా పెరిగిందో చూడాలంటే ఈ తిరిగి అడగడం అనే ఒక్క దారం పట్టుకుంటే చాలు. మొదటి ప్రశ్నకు జవాబు ఆఫీసులో తయారవుతుంది. రెండో ప్రశ్నకు మంత్రి తనంతట తాను చెప్పాలి.

అధికారంలో ఉన్నవారిని సభలో నిలబెట్టి అడగడం బ్రిటన్‌లో 1721లోనే మొదలైంది. సౌత్ సీ కంపెనీ కుంభకోణంలో పరారైన ఆ కంపెనీ ఖజాంచి గురించి ప్రభువుల సభలో అడిగినదాన్ని నమోదైన మొదటి ప్రశ్నగా చెబుతారు. ఆ అలవాటును ఇక్కడికి తేవడానికి మాత్రం పాలకులకు మనసొప్పలేదు. 1853 చార్టర్ చట్టంతో ఏర్పడ్డ మండలి గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో చిన్నపాటి పార్లమెంటులా నడిచింది. కార్యనిర్వాహకుల పనుల మీద ఆరాలు తీసింది. లండన్‌కు ఇది నచ్చలేదు. 1857 తిరుగుబాటు తర్వాత వచ్చిన 1861 కౌన్సిళ్ల చట్టం మండలిని చట్టాలు చేసే పనికే పరిమితం చేసి, ప్రశ్నలకు తలుపులు మూసేసింది. ఆ తలుపు మళ్లీ కాస్త తెరుచుకోవడానికి ముప్పై ఏళ్లు పట్టింది. కాంగ్రెస్ పుట్టిన తొలి ఏళ్ల నుంచీ ఏటా చేస్తూ వచ్చిన డిమాండ్లలో ఇదొకటి.

1909లో మింటో-మార్లే సంస్కరణలు ఇంకో అడుగు వేయించాయి. ప్రశ్న వేసిన సభ్యుడు జవాబు విన్నాక తిరిగి అడగవచ్చు, అదే అనుబంధ ప్రశ్న (సప్లిమెంటరీ), కానీ ఆయనొక్కడే అడగాలి. పక్కన కూర్చున్న సభ్యుడికి ఆ విషయం ఎంత బాగా తెలిసినా నోరు మెదపకూడదు. మాంటేగ్-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలతో 1921లో కేంద్ర శాసనసభ వచ్చాక ఆ అడ్డు తొలగిపోయింది. సభ మొదలైన మొదటి గంట ప్రశ్నలదేనని నిర్ణయించారు. నోటిమాటగా జవాబు కావాలనుకునే సభ్యుడు తన ప్రశ్నకు చుక్క గుర్తు పెట్టాలన్న పద్ధతి కూడా అప్పటిదే. ఇప్పుడు మన పత్రికల్లో కనిపించే ‘స్టార్ ప్రశ్న’కు మూలం అది. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఏ సభ్యుడైనా అనుబంధ ప్రశ్న వేయవచ్చని ఒప్పుకోవడం. ఆ రోజు నుంచి ఒకరు అడిగితే పదిమంది పట్టుకునే వీలు చిక్కింది.

వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యులు ఈ సభకు జవాబుదారీ కారు. ఓటేసి వాళ్లను దించే అధికారం సభకు లేదు. అయినా వాళ్లు రోజూ వచ్చి లేచి నిలబడి జవాబు చెప్పాల్సి వచ్చింది. 1930ల ద్వితీయార్ధంలో మద్రాసు నుంచి వెళ్లిన ఎస్.సత్యమూర్తి ఈ గంటను ఆయుధంగా మలిచారు. అధికారి ఒక జవాబు చెబితే దాని లోపల నుంచే ఇంకో ప్రశ్న లాగేవారు. అందుకే ఆయనను ‘సప్లిమెంటరీ సత్యమూర్తి’ అని పిలిచారు. అదే సభలో మన ఎన్.జి.రంగా, వి.వి.గిరి ఉన్నారు. తిరుచానూరుకు చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ కూడా ఉన్నారు. ఆయన పేరు మళ్లీ వస్తుంది.

నిజాం సంస్థానంలో ఉన్న తెలుగు నేలకు ఆ గంట కూడా దక్కలేదు. స్వదేశీ సంస్థానాల వ్యవహారాలపై కేంద్ర సభలో ప్రశ్నలు అడగరాదని నిబంధన. నల్లగొండలోనో వరంగల్‌లోనో జాగీర్దారు వెట్టి చేయిస్తే ఢిల్లీ సభలో లేచి అడిగే దారి లేదు. 1952లో వయోజన ఓటుతో హైదరాబాద్ శాసనసభ ఏర్పడ్డప్పుడు, అంతకు ముందు దాకా జైళ్లలోనో అజ్ఞాతంలోనో ఉన్నవాళ్లు కొందరు ప్రతిపక్ష బెంచీల్లో కూర్చున్నారు. తరతరాలుగా దొర ముందు తలెత్తని పల్లెల ప్రతినిధి మంత్రిని పేరు పెట్టి అడగడం తెలంగాణకు అదే మొదటిసారి. భూసంస్కరణల చరిత్ర రాసేవాళ్లు ఈ సంగతికి ఇంకా పూర్తి న్యాయం చేయలేదని నా అభిప్రాయం.

స్వతంత్ర భారతంలో ప్రశ్న సత్తా ఏమిటో లోకానికి తెలిసింది 1957లో. అప్పటికి జీవిత బీమా సంస్థకు నిండా ఏడాది లేదు. ఆ జూన్‌లో ఆ సంస్థ హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల వాటాలను సుమారు కోటీ పాతిక లక్షల రూపాయలకు కొన్నది. కంపెనీలు చితికి ఉన్నాయి. పెట్టుబడుల కమిటీని అడగనే లేదు. పెట్టింది పాలసీదారుల సొమ్ము. పత్రికల్లో గుసగుసలు వచ్చాయి. సెప్టెంబర్‌లో రామ్ సుభగ్ సింగ్ లోక్‌సభలో ప్రశ్న వేశారు. సూటి జవాబు రాలేదు. నవంబర్‌లో మళ్లీ ప్రశ్న వచ్చింది. జవాబులు ఒకదానికొకటి అతకలేదు. ఆ అతకనిచోటే ఫిరోజ్ గాంధీ పట్టుకున్నారు. ఆయన పాలకపక్ష సభ్యుడు, పైగా ప్రధానమంత్రి అల్లుడు. డిసెంబర్ 16న సభలో లేచి, ఏ కంపెనీ వాటాలు ఏ ధరకు కొన్నారో, బజారులో ఆ ధర ఎలా పెరిగిందో వివరంగా చెప్పారు. ఆ ఏడాది సభాపతి స్థానంలో ఉన్నది అనంతశయనం అయ్యంగారే. పరాయి ప్రభుత్వాన్ని అదే సభా ప్రాంగణంలో ప్రశ్నలతో వేధించిన మనిషి, ఇప్పుడు సొంత ప్రభుత్వానికి ప్రశ్నలు తగులుతుంటే ఆ స్థానంలో కూర్చున్నారు.

బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి.చాగ్లాతో ఏకసభ్య విచారణ సంఘం వేశారు. బహిరంగంగా విచారించి, 1958 ఫిబ్రవరిలోనే ఆయన నివేదిక ఇచ్చారు. ఆర్థికమంత్రి టి.టి.కృష్ణమాచారి ఆ నెలలోనే రాజీనామా చేశారు. సభలో విషయం వచ్చిన మొదటి రోజే పార్లమెంటును పూర్తిగా నమ్మకంలోకి తీసుకోవలసిందని చాగ్లా తప్పుపట్టారు. మంత్రి పదవి పోయింది పెట్టుబడి నిర్ణయం వల్లే అయినా, సెప్టెంబర్‌లో అడిగిన ప్రశ్నకే నిజం చెప్పి ఉంటే కథ ఇంత దూరం వచ్చేది కాదు.

ఇలాంటి పరిణామం ఒకటి రెండుసార్లే జరుగుతుంది. మిగతా రోజుల్లో ఈ గంట చేసే మేలు కంటికి కనిపించదు. కేంద్ర మంత్రిత్వ శాఖలను ఐదు గుంపులుగా చేసి, ఒక్కో గుంపుకు వారంలో ఒక రోజు కేటాయిస్తారు. సభ్యుడు కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇస్తాడు. లాటరీలో గెలిచిన ఇరవై ప్రశ్నలు లోక్‌సభలో ఆ రోజు స్టార్ ప్రశ్నలు, మరో 230 రాతపూర్వక జవాబుకు వెళతాయి. స్టార్ ప్రశ్నల జాబితా ఆకుపచ్చ కాగితం మీద అచ్చవుతుంది, రెండోది తెల్ల కాగితం మీద. శాఖలో పార్లమెంటు ప్రశ్న ఫైలుకు ఉండే తొందర ఇంకే ఫైలుకూ ఉండదు. సెక్షన్ నుంచి జాయింట్ సెక్రటరీ దాకా అందరూ దాని చుట్టూనే తిరుగుతారు. జిల్లా ఆఫీసులకు ఫోన్లు వెళతాయి, రాత్రి దాకా దీపాలు వెలుగుతాయి. జవాబుతో పాటు మంత్రికి ఇంకో కట్ట తయారు చేస్తారు. సభలో ఏ అనుబంధ ప్రశ్న రావచ్చో ఊహించి, ఒక్కోదానికి జవాబు, అంకెలు రాసి పెడతారు. సభలో మంత్రి లేచి ‘ప్రకటనను సభ ముందుంచుతున్నాను’ అంటారు, అంతే. అక్కడి నుంచి అసలు పరీక్ష మొదలు. ప్రశ్న వేసిన సభ్యుడికి రెండు అనుబంధ ప్రశ్నలు, ఆ తర్వాత సభాపతి పిలిచినవారికి ఒక్కొక్కటి.

ఏళ్లుగా అటకెక్కిన పథకం ఈ ఊహా ప్రశ్నల భయంతోనే కిందికి దిగుతుంది. తన శాఖలో ఏం జరుగుతోందో మంత్రి చదివేది కూడా చాలాసార్లు ఆ కట్టలోనే. రెండో ప్రశ్న రాదని తెలిస్తే మొదటి జవాబును ఎవరూ ఇంత శ్రద్ధగా సరిచూడరు.

జవాబు తప్పించుకోవడానికీ దారులున్నాయి. ‘సమాచారం సేకరిస్తున్నాం, అందగానే సభ ముందుంచుతాం’, ‘విషయం పరిశీలనలో ఉంది’. వినేవారికి ఇది మర్యాదపూర్వకమైన వాయిదాలా తోస్తుంది. దీన్ని హామీగా లెక్కగట్టి వెంటపడేందుకు 1953 డిసెంబర్ 1న లోక్‌సభ ప్రభుత్వ హామీల కమిటీని ఏర్పాటు చేసింది. మూడు నెలల్లో మాట నిలబెట్టుకోవాలి, లేకపోతే గడువు పొడిగించమని కమిటీని అడగాలి. రాజ్యసభ అలాంటి కమిటీని 1972లో వేసుకుంది. మంత్రి మాటను రికార్డుకెక్కించి తిరిగి అడిగే పద్ధతి ఇది. దీన్ని రెండో ప్రశ్నకు కొనసాగింపు అనవచ్చు.

సభ్యులవైపు నుంచీ ఈ హక్కుకు తూట్లు పడ్డాయి. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేసిన ఆరోపణపై 1951లోనే తాత్కాలిక పార్లమెంటు సభ్యుడు హెచ్.జి.ముద్గల్‌పై విచారణ జరిగింది, బహిష్కరించే లోపే ఆయన రాజీనామా చేశారు. 2005 డిసెంబర్‌లో రహస్య కెమెరాలకు చిక్కిన పదకొండు మందిని ఉభయ సభలూ బహిష్కరించాయి. 2009 నవంబర్ 30న ఇంకో రకమైన అవమానం జరిగింది. స్టార్ ప్రశ్నలు వేసిన సభ్యులు చాలామంది సభకే రాకపోవడంతో లోక్‌సభలో ప్రశ్నోత్తరాల సమయం గంట నిండకుండానే ముగిసింది. ఆ తర్వాత, అడిగిన సభ్యుడు లేకపోయినా మిగతావారు అనుబంధ ప్రశ్న వేసేలా నిబంధన మార్చారు. గొడవలతో ఉదయం పదకొండు గంటల సమయం తరచూ కొట్టుకుపోతోందని రాజ్యసభ 2014 నుంచి ఈ గంటను మధ్యాహ్నం పన్నెండుకు మార్చింది. రోజూ పదకొండింటికి వాయిదా పడే లోక్‌సభను చూసి ‘ఇంతేలే’ అనుకోవడం మనకూ అలవాటైపోయింది. అక్కడ పోతున్నది ఇరవై స్టార్ ప్రశ్నల గంట. సాఫీగా నడిచిన రోజుల్లో కూడా వాటిలో నోటిమాటగా పూర్తయ్యేవి చాలాసార్లు నాలుగైదే.

ఈ గంటను ఏకంగా రద్దు చేసిన సందర్భాలూ ఉన్నాయి. 1962 చైనా యుద్ధ కాలంలో ఒకసారి, 1975లో అత్యవసర పరిస్థితి పెట్టాక మరోసారి. 2020 సెప్టెంబర్‌లో కరోనా కారణంగా మళ్లీ ఎత్తేశారు, ప్రతిపక్షాలు అభ్యంతరం చెప్పాక రాతపూర్వక జవాబులు మాత్రం ఇస్తామన్నారు. సభ మొదలైన తొలిరోజే, లాక్‌డౌన్‌లో ఇళ్లకు నడిచిపోతూ చనిపోయిన వలస కూలీలెందరని లోక్‌సభలో రాతపూర్వకంగా అడిగారు. అలాంటి సమాచారం తమ దగ్గర లేదని కార్మిక శాఖ జవాబిచ్చింది, కాబట్టి పరిహారం ప్రశ్నే తలెత్తదని కూడా చెప్పింది. ఆ రోజు ప్రశ్నోత్తరాల గంట ఉండి ఉంటే మంత్రి లేచి నిలబడేవారు. ‘ఎందుకు లెక్కించలేదు?’ అని ఏ పక్షం సభ్యుడైనా అడిగేవాడు. ఆ అవకాశమే లేకపోయింది. అదే సమావేశాల్లో రాజ్యసభలో ఇంకొకరు ప్రశ్నను మార్చి రైల్వేను అడిగితే, శ్రామిక్ రైళ్లలో 97 మంది చనిపోయారని రాతపూర్వకంగానే జవాబొచ్చింది. రాతపూర్వక జవాబులు పనికిరావని నేను అనను. ఒక జవాబులోని అబద్ధాన్నో డొల్లతనాన్నో అక్కడికక్కడే బయటపెట్టేది మాత్రం ఎదురుగా నిలబడి అడిగే మాటే.

ఈ హక్కు సభ దాటి జనానికీ చేరిన ఘట్టం ఒకటుంది. పార్లమెంటుకో శాసనసభకో ఇవ్వనని చెప్పలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించరాదని 2005 సమాచార హక్కు చట్టంలో రాశారు. సభ్యుడికున్న హక్కును మామూలు మనిషికి పంచిన వాక్యమది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆ నిబంధనను తొలగించింది. ఇది పెద్ద నష్టమని నా నమ్మకం.

మన రెండు రాష్ట్రాల శాసనసభల సంగతి మరీ బాధాకరం. ఏడాదిలో నెల రోజులు కూడా కూర్చోని సంవత్సరాలున్నాయి. కూర్చున్న రోజుల్లోనూ వాకౌట్లు, సస్పెన్షన్లు ప్రశ్నోత్తరాల గంటను మింగేస్తాయి. సభ కూర్చోని రోజున మంత్రిని అడిగే మొదటి ప్రశ్నే లేదు, ఇక రెండోదెక్కడ?

పార్లమెంటు జవాబులన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకునేలా ఉన్నాయి. మీ ఎంపీ పేరుతో వెతకండి. ఏం అడిగారో, మంత్రి ఏం చెప్పారో చూడండి. మీ జిల్లాలో పూర్తయిందని మంత్రి చెప్పిన బడి గోడలు లేవకపోయినా, వేశామన్న రోడ్డు గుంతలమయంగా ఉన్నా, ఫొటో తీసి తేదీతో సహా మీ ఎంపీకి పంపండి. సభలో అనుబంధ ప్రశ్న అడగడానికి ఆయనకు కావలసింది అదే.