నీలిమొక్క చరిత్ర

అవిరి యనియు, నీలి యనియు మన భాషలో పేరుగల మొక్క చూచుటకు అతిసామాన్యమైనది. నడుమెత్తు గుబురు, జంటలుగా కూర్చినట్లుండు చిన్న యాకులు, గులాబివన్నె పూగుత్తులు, సన్నని కాయలు. ఇంతియే దాని రూపము. పూవునందు గాని, ఆకునందు గాని నీలవర్ణము కానరాదు. పచ్చని యాకులో దాగిన యా వర్ణమును వెలికి దీయుట మన పూర్వులు నేర్చిరి. ఆ నేర్పు దేశమునకు ధనము తెచ్చినది. ఆ ధనమునకై పరులు పెంచుకొన్న యాశ కొన్ని సీమల రైతునకు దాస్యమును తెచ్చినది.

గ్రీకులు ఈ రంగును ‘ఇండికాన్’ అనిరి. అనగా హిందూదేశపు సరకు. 1వ శతాబ్దిలో రోము రచయిత ప్లినీ దీనిని పేర్కొనెను.

పూత పట్టు వేళకు పైరు కోయుదురు. కట్టలను తొట్టిలో పేర్చి, బరువులు పెట్టి, ఇంచుమించు ఒక రాత్రి నీట నాననిత్తురు. పులిసిన నీటిని క్రింది తొట్టిలోనికి వదలి, గాలి సోకునట్లు తెడ్లతో బాదుదురు. అంతట నీలము పుట్టి యడుగునకు దిగును. దానిని కాచి, వడియగట్టి, బిళ్ళలుగా కోసి నీడను ఆరవేయుదురు. అదియే నీలిమందు. మిగిలిన పిప్పి పొలమునకు మంచి యెరువు. కేశతైలములందును ఈ యాకునకు స్థానము కలదు.

నీలిమందు ఉత్తనీట కరగదు. సున్నము, ఉడికించిన తగిరిస గింజలు చేర్చి పులియబెట్టిన కుండలో ముంచవలెను. బట్ట పచ్చగా వెలువడి, గాలి తగిలినకొలది నీలమగును. మచిలీపట్నపు అద్దకమువారు ఎరుపునకు చిరివేరును, నీలమునకు అవిరిని వాడిరి. నీలము కూడని చోటులను మైనముతో కప్పి, బట్టను నీలికుండలో ముంచుట వారి పద్ధతి. 1611లో ఆంగ్లేయులు అచ్చట వర్తకస్థానము నెలకొల్పుటకు ఆకర్షణ ఈ తీరపు రంగుబట్టలే.

19వ శతాబ్దిలో కడప, కర్నూలు, నెల్లూరు మండలములందు నీలిసాగు ప్రబలెను. ఇచ్చట పెక్కుచోట్ల రైతులే పైరు వేసి, గ్రామములందలి తొట్లలో మందు తీయుచుండిరి. వంగదేశమున స్థితి వేరు. తెల్లదొరలు బయానా లిచ్చి, తీరని ఋణములలో దింపి, వరి పండు నేలలలో నీలి వేయించిరి. 1859లో రైతులు ‘నీలి విత్తము’ అని తిరుగబడిరి. 1860లో విచారణసంఘ మేర్పడెను; ఆ యేడే దీనబంధు మిత్రుని ‘నీల్ దర్పణ్’ నాటకము వెలువడెను. దాని యాంగ్లానువాదమును ప్రకటించినందుకు జేమ్స్ లాంగ్ అను మిషనరీ 1861లో ఒక మాసము కారాగార మనుభవించెను.

బీహారులోని చంపారనులో ఇరువది కట్టల నేలలో మూడు కట్టలు నీలి వేయవలెనను ‘తీన్ కఠియా’ నిర్బంధము నిలిచియే యుండెను. ఇంతలో జర్మనీలో బేయరు పండితుడు నీలిని రసాయనశాలలో కూర్చెను. 1897 నుండి ఆ కృత్రిమ వర్ణము అంగళ్ళకు వచ్చి ధరలను పడగొట్టెను. దొరలు ఆ నష్టమును రైతులపై మోపిరి. నీలి వేయకుండుటకు అనుమతి నిచ్చుచు, అందులకు ప్రతిగా శిస్తు పెంచిరి, లేదా రొక్కము గుంజిరి. వేసినను దండుగయే, మానినను దండుగయే! రాజ్‌కుమార్ శుక్లా యను రైతు పట్టు విడువక పిలువగా 1917లో గాంధీమహాత్ముడు అచ్చటి కేగి, వేలాది రైతుల వాఙ్మూలములు వ్రాయించెను. 1918 నాటి చట్టము తీన్ కఠియాను రద్దుచేసెను.

కృత్రిమ వర్ణము దొర కొలువును కూల్చినది. దొరతో సంబంధము లేని కడప రైతు తొట్టిని కూడ ఎండబెట్టినది. 1914 నాటి మహాయుద్ధమున జర్మను సరకు రాక నిలిచిన కొన్నియేండ్లు గిరాకి మరల లేచి, వెంటనే యడగెను.

మొక్క యొక్కటియే; కడపలో అది రైతునకు రొక్కపు పైరు, చంపారనులో సంకెల. భేదము మొక్కలో లేదు. తన నేలలో ఏమి విత్తవలెనో నిర్ణయించు హక్కు ఎవరి చేతిలో నుండెనన్న దానిలోనే యున్నది. నేడు సహజవర్ణముల పేర అవిరిసాగు కొలదిగా మరల చిగురించుచున్నది. దానిని ఆదరించువారు బట్టపై నీలమునే గాక, ఈ చరిత్రను కూడ గుర్తుంచుకొనుట న్యాయము.