ఏ కాలపోడు గొప్ప? ముందు బండ తూకం చెప్పండి

ఈ వారం పోస్టు శనక్కాయ ధర మీద కాదు, పురుగు మందుల మీదా కాదు. బాక్సింగ్ మీద. నవ్వుకున్నా ఫర్వాలేదు గానీ చివరిదాకా చదవండి. తిరిగి తిరిగి కథ మన వాకిట్లోకే వస్తుంది.

మొన్న తిరణాలలో బండలాగుడు చూసి నలుగురం టీ అంగడి కాడ కూచున్నాం. సీనియర్ విభాగంలో మొదటొచ్చిన జతను మెచ్చుకుంటా ఉంటే, పక్కనున్న పెద్దాయన ఒకాయన "ఇవేం ఎద్దులప్పా! ముప్పై ఏండ్ల కిందట మా ఊర్లో ఒక జత ఉండె. దాని ముందర ఇవి దూడలు" అన్నాడు. ఒక పిల్లోడు ఊరుకోకుండా "అప్పుడు బండ ఎంత తూకం తాతా? ఎన్ని నిమిషాలు ఇచ్చినారు? నేల గట్టిదా, ఇసకదా?" అని అడిగినాడు. పెద్దాయనకు ఆ ఎద్దుల కొమ్ముల తీరు గుర్తుంది, తోలినోని పేరు గుర్తుంది. బండ తూకం మాత్రం గుర్తు లేదు. మాటా మాటా పెరిగింది.

ఆ గొడవలోనే ఇంకొక పిల్లోడు సెల్లు తీసి "అది సరే, మహమ్మద్ ఆలీ, మైక్ టైసన్ తలపడితే ఎవురు గెలుస్తారు?" అని వేసినాడు. టైసన్‌ను మనోళ్లు 2022లో వచ్చిన లైగర్ సినిమాలో చూసినారు కాబట్టి సగం మంది టైసన్ అన్నారు. ఆలీ పేరు విన్న పెద్దోళ్లు ఆలీ అన్నారు. చీకటి పడే దాకా తెగలేదు. ఇంటికొచ్చి చదివినాక తెలిసింది ఏందంటే, లోకంలో బాక్సింగ్ అభిమానులు తరతరాలుగా ఇదే గొడవ పడుతున్నారు, వాళ్లకూ తెగలేదు.

ఒకసారి ఈ గొడవను కంప్యూటర్‌తో తెంపాలని చూసినారు. 1967లో అమెరికాలో ఒక రేడియో నిర్మాత పాత, కొత్త హెవీవెయిట్ ఛాంపియన్ల లెక్కలన్నీ కంప్యూటర్లో వేసి, ఎవరి మీద ఎవరు గెలుస్తారో చెప్పించి రేడియోలో వినిపించినాడు. అందులో ఆలీ పాతకాలపు జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయినట్టు వచ్చింది. ఆలీకి మండి 10 లక్షల డాలర్ల పరువునష్టం దావా వేసినాడు. కడకు రాజీ కుదిరి, రాకీ మార్సియానోతో కలిసి ఒక సినిమా పోటీకి ఒప్పుకున్నాడు. 1969లో ఇద్దరూ స్టూడియోలో కొట్టుకున్నట్టు నటించినారు. ఆలీ గెలిచినట్టు, మార్సియానో గెలిచినట్టు రకరకాల ముగింపులు తీసి పెట్టుకున్నారు. ఆ షూటింగ్ అయిన కొద్ది వారాలకే, 1969 ఆగస్టు 31న మార్సియానో విమాన ప్రమాదంలో చనిపోయినాడు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో వేస్తే 13వ రౌండులో మార్సియానో గెలిచినట్టు చూపించినారు. ముగింపు ముందే రెండు రకాలుగా చేతిలో పెట్టుకున్న తీర్పు అది. గొడవ ఇంకా పెరిగింది గానీ తగ్గలేదు.

ఇప్పుడు ఆ మార్సియానో సంగతే చూడండి. 49 పోటీలు ఆడి 49 గెలిచి, ఒక్క ఓటమి లేకుండా 1956లో తప్పుకున్నాడు. "ఓటమే లేనోని కంటే గొప్పోడు ఎవరుంటారు?" అని అడిగేవాళ్లు ఈరోజుకీ ఉన్నారు. సరే, బండ తూకం అడుగుదాం. ఆయన ఆడేటప్పుడు ఆయన బరువు 84, 85 కిలోలు. ఈరోజు ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో హెవీవెయిట్ అంటే 200 పౌండ్ల పైన, మన లెక్కలో 90 కిలోలు దాటాల. అంటే ఆ బరువుతో ఈరోజు వస్తే మార్సియానోను కింది విభాగంలో నిలబెడతారు. మన కాలపు టైసన్ ఫ్యూరీ 120 కిలోలకు పైనే తూగుతాడు. నాలుగు పళ్ల జతను తెచ్చి సీనియర్ల బండకు కట్టినట్టు అవుతుంది.

ఇంకొకటి. మార్సియానో 1952 సెప్టెంబర్ 23న జెర్సీ జో వాల్కాట్ మీద గెలిచి ఛాంపియన్ అయినాడు. ఆ రాత్రి 12 రౌండ్లు అయ్యేసరికి ముగ్గురు న్యాయనిర్ణేతల లెక్కలోనూ మార్సియానో వెనకబడే ఉన్నాడు. 13వ రౌండులో ఒక్క కుడి దెబ్బతో వాల్కాట్‌ను పడగొట్టినాడు. ఇప్పుడు టైటిల్ పోటీలు 12 రౌండ్లే. ఈనాటి నియమం ఆరోజు ఉండి ఉంటే మార్సియానో ఓడిపోయేవాడు, ఆ 49 సున్నా లెక్కే పుట్టేది కాదు. అట్లని ఆయన గొప్పోడు కాదా అంటే, 15 రౌండ్ల పోటీకి 15 రౌండ్లకు సరిపడా ఊపిరి దాచుకున్నాడు, అదీ గొప్పతనమే. నియమం తెలిసి ఆడినాడు. ఇరవై నిమిషాల పందేనికి మేపిన ఎద్దుకూ పది నిమిషాల పందేనికి మేపిన ఎద్దుకూ తోలే తీరు వేరే కదా.

15 రౌండ్లు 12 ఎందుకైనాయో కూడా తెలుసుకోవాల. 1982 నవంబర్ 13న లాస్ వేగాస్‌లో కొరియాకు చెందిన కిమ్ డక్ కూ అనే కుర్రోడు 14వ రౌండులో దెబ్బ తిని పడిపోయి, కొన్ని రోజులకు ప్రాణం విడిచినాడు. ఆ తర్వాతే రౌండ్లు తగ్గించడం మొదలైంది. అంతకు వందేండ్ల ముందైతే ఇంకా ఘోరం. 1889లో జాన్ ఎల్. సల్లివన్, జేక్ కిల్రేన్ అనే ఇద్దరు జూలై ఎండలో, చేతులకు గ్లవ్స్ లేకుండా రెండు గంటలకు పైగా 75 రౌండ్లు కొట్టుకున్నారు. అప్పట్లో ఆ తరహా పోటీలో మనిషి కింద పడితేనే రౌండు అయినట్టు. మూడు నిమిషాల రౌండు, నిమిషం విరామం, గ్లవ్స్ అనే నియమాలు 1867లోనే రాసినా, అందరూ వాటి దారికి రావడానికి చాలా ఏండ్లు పట్టింది. "మా కాలంలో 75 రౌండ్లు ఆడినారు, ఇప్పుడు 12కే ఆయాసం" అనేటోనికి ఇదే జవాబు. ఆ రౌండు వేరు, ఈ రౌండు వేరు.

తూకం, నిమిషాలు అయినాయి. మూడోది, అసలు పోటీకి ఎవరిని రానిచ్చినారు అనేది. సల్లివన్ నల్లజాతి బాక్సర్లతో టైటిల్ కోసం ఆడేది లేదన్నాడు. ఆ కాలంలో పీటర్ జాక్సన్ అనే గట్టి నల్లజాతి బాక్సర్ ఉన్నా ఆయనకు అవకాశమే దొరకలేదు. 1908లో జాక్ జాన్సన్ గెలిచి ఆ గోడ పగలగొట్టినాడు. ఆయన 1915లో ఓడిపోయినాక మళ్లీ 22 ఏండ్లు, 1937లో జో లూయిస్ వచ్చేదాకా, ఒక్క నల్లజాతి మనిషికీ హెవీవెయిట్ టైటిల్ పోటీ ఇవ్వలేదు. కాబట్టి పాత రికార్డు చూసి "ఆయనే అందరికంటే గొప్ప" అనేముందు, ఊరి బయటే ఆపేసిన జతలు ఎన్నో అడగాల.

నాలుగోది, పోయిన ఏండ్లు. జో లూయిస్ వరసగా 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు గానీ, యుద్ధం వల్ల 1942 మార్చి నుంచి 1946 జూన్ దాకా ఒక్క టైటిల్ పోటీ లేదు. ఆలీ వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు 1967లో టైటిల్ పీకేసినారు, మూడున్నరేండ్లు ఆడనియ్యలేదు. కాళ్లు గాలిలో తేలే 25 ఏండ్ల వయసు అది. 1974లో జార్జ్ ఫోర్‌మన్‌ను ఓడించిన ఆలీ వేరే ఆలీ, దెబ్బలు ఓర్చుకుని గెలిచే ఆలీ. 1980లో మద్రాసుకు వచ్చి ప్రదర్శన పోటీ ఆడినప్పుడు ఆయనకు 38 ఏండ్లు. ఆరోజు స్టేడియంలో చూసినోళ్లు చూసింది ఇంకొక ఆలీని. టైసన్ కూడా అంతే. 1986లో 20 ఏండ్లకే ఛాంపియన్ అయిన టైసన్ వేరు, 1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో పడిపోయిన టైసన్ వేరు. "ఆలీనా, టైసనా" అని అడిగితే ముందు ఏ ఏటి ఆలీ, ఏ ఏటి టైసన్ అని అడగండి.

ఇదంతా దూరం దేశం మాట అనుకోకండి. మన తెలుగు గడ్డ మీదే ఈ గొడవ జరిగింది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్, మణిపూర్ మేరీ కోమ్. ఎవరు గొప్ప?

మేరీ కోమ్ అమ్మానాన్నలు కూలికి పోయి, పోడు సేద్యం చేసి బతికినవాళ్లు. మహిళల ప్రపంచ పోటీలు మొదలైందే 2001లో, ఆ ఏడాదే ఆమెకు వెండి పతకం. తర్వాత 2002, 2005, 2006, 2008, 2010, 2018లో ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్. ఎక్కువగా ఆడింది 45 నుంచి 48 కిలోల విభాగాల్లో. ఒలింపిక్స్‌లో ఆడోళ్లకు బాక్సింగ్ పెట్టిందే 2012లో. అదీ మూడే విభాగాలు, అన్నిటికంటే చిన్నది 51 కిలోలు. అప్పటికే కవల పిల్లల తల్లి. తనకంటే బరువైన వాళ్లతో తలపడి కంచు పతకం తెచ్చింది.

నిఖత్ 2011లోనే జూనియర్ ప్రపంచ టైటిల్ గెలిచింది. 2017లో భుజం గాయం. 2019లో ఒలింపిక్ క్వాలిఫయర్లకు మేరీ కోమ్‌ను నేరుగా పంపుతారన్న మాట వస్తే, "నాకూ ట్రయల్ పెట్టండి" అని కేంద్ర క్రీడా మంత్రికి జాబు రాసింది. పెద్దామెను ఎదిరిస్తావా అని తిట్టినోళ్లు ఉన్నారు. 2019 డిసెంబర్ 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీ కోమ్ 9-1తో గెలిచింది. మేరీకి 35 దాటినాయి, నిఖత్‌కు 23.

ఆరోజు చాలామంది "తేలిపోయింది" అన్నారు. ఏమీ తేలలేదు. నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో వరసగా ప్రపంచ ఛాంపియన్ అయింది. 2022 కామన్వెల్త్ స్వర్ణం కూడా తెచ్చింది. అప్పుడు ఇంకొందరు "మేరీ కాలం పోయింది, పోటీ అప్పుడు సులువు" అన్నారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో నిఖత్ రెండో పోటీలోనే చైనా అమ్మాయి వూ యు చేతిలో ఓడితే మళ్లీ మాట తిప్పినారు. ఆ వూ యునే ఆ విభాగంలో స్వర్ణం గెలిచిందని చాలామంది చూడలేదు.

నా లెక్క ఇది. మేరీ కోమ్ దారే లేని చోట దారి వేసింది. నిఖత్ ఆ దారిలో, ముందుకంటే ఎక్కువ మంది ఉన్న గుంపులో ముందుకు పోయింది. ఇద్దరిలో ఎవరు గెలుస్తారు అనేది ఒక రోజు ప్రశ్న. తన కాలం ఇచ్చినదాంతో ఎవరు ఎంత చేసినారు అనేదే నిలబడే ప్రశ్న. దానికి జవాబు దొరుకుతుంది, ఎందుకంటే తూకం, నిమిషాలు, నేల, అన్నీ రాసి ఉంటాయి.

ఇక మా వాకిలి సంగతి. పోయిన కాపులో మా పిల్లోడు బోరు కింద డ్రిప్పు వేసి ఎకరాకు ఇరవై మూటల శనక్కాయ తీసినాడు. ఆ సంతోషంలో మా నాయనతో "నీ కాలంలో ఆరు మూటలకే సంబరపడితిరి కదా" అన్నాడు. తమాషాకే అన్నాడు. మా నాయన ఏమీ అనలేదు. పది రోజులు చేను దిక్కు రాలేదు.

టీ అంగడి గొడవ జరిగిన రాత్రి, పిల్లోడు వింటా ఉండగానే అడిగినా. "నాయనా, ఆ ఆరు మూటల ఏడు ఎన్ని వానలు పడినాయి?" ఆయన కొంచేపు ఆలోచించి చెప్పినాడు. గొర్రుతో విత్తనం వేసినాక ఒక వాన. ఆ మీదట నలభై రోజులు బెట్ట. కాయ ఊరే పొద్దుకు ఇంకొకటి. అంతే. బాయి కింద అర్ధెకరా వరి, మిగతాదంతా వానకే. విత్తనం ఇంట్లో దాచిందే. రెండు వానలకు ఆరు మూటలు!

పిల్లోడు మాట్లాడలేదు. అప్పుడు మా నాయనే అన్నాడు. "మా బాయిలో నలభై అడుగులకే నీళ్లుండె. వాడు ఆరొందల అడుగులు పోయినాడు, అప్పు చేసి. మాకు ఆ గుండె లేదు." తెల్లారి ఇద్దరూ కలిసే చేనికి పోయినారు.

అందుకే మీకు ఒక మాట. మీరు లెక్కల పుస్తకంలో మూటలు రాసేటప్పుడు పక్కన వానలు రాయండి, బోరు లోతు రాయండి, అప్పు రాయండి. రేపు మీ మనవడు మీ ఆరు మూటలు చూసి నవ్వకుండా ఉండాలంటే ఆ పక్క గడి నిండి ఉండాల. అట్లే తిరణాల కమిటీ వాళ్లు గెలిచిన జత పేరుతో పాటు బండ తూకం, నిమిషాలు, అడుగులు గుడి కాడ పలక మీద రాయించండి. ఆ పెద్దాయన చెప్పిన జత నిజంగానే గొప్పదేమో. తూకం ఎవరూ రాసి పెట్టలేదు, అంతే.