గ్రంథము నుండి గగనమునకు

విమానము ధనికుల సొత్తను మాటను ఫ్రాన్సు దేశీయుడైన ఆన్రీ మిన్యే అంగీకరింపలేదు. 1933లో అతడు కొయ్య, గుడ్డ, జిగురులతో నిర్మించిన చిన్న విమానము గగనమున కెగిరెను. దానికి ‘ఆకాశపు పేను’ అని పేరు. 1934లో నిర్మాణ విధానమంతయు ఒక గ్రంథమున వెల్లడించెను. దానిని చదివి ఫ్రాన్సు, ఇంగ్లండులలో వందలకొలది జనులు ఇండ్లలోనే విమానములు కట్టసాగిరి.

కొయ్య విమానమునకు తేమ ప్రబల శత్రువు. అతుకులను తరచుగా పరిశీలింపవలెను. కాని ఇచట ముప్పు అంతకన్న లోతుననే యుండెను. కొన్ని విమానములు తలక్రిందుగా దిగి, మరల లేవక నేలగూలెను; ప్రాణములు పోయెను. 1936లో వాయు సొరంగములందు పరీక్షింపగా, ముందు వెనుకల రెక్కల అమరికయే దోషమని తేలెను. దానిని సవరించిన పిమ్మట అట్టి విమానములు క్షేమముగా ఎగిరినవి.

గ్రంథము సామాన్యునకు రెక్కల నొసగెను. ఆ రెక్కలను ముందుగా పరీక్షించు బాధ్యత చదువరికెంతయో, వ్రాసినవానికిని అంతయే కలదు.